మూడుసార్లు వచ్చిన పిలుపు, ఒక్కసారీ చేరని జవాబు

2004 వేసవి. రాజమండ్రి బస్టాండుకు దగ్గర్లో, ఒక బట్టల కొట్టు పై అంతస్తులో మా ఆఫీసు ఉండేది. రెండు కంప్యూటర్లు, కప్పు మీద ఒక యాంటెన్నా, ఇనుప బీరువా నిండా విడి సామాన్లు. డెల్టాలో ఇంటర్నెట్ లైను చేరని ఊళ్ళకు ఉత్తరాలు, ఫొటోలు, దరఖాస్తులు చేరవేసే పథకం అది. నేను దానికి నెట్‌వర్క్ ఇంజనీరును. మా తాతగారి పేరు చెబితే మండపేట నుంచి రామచంద్రపురం దాకా జనం లేచి నిలబడిన రోజులు ఉండేవి. నా కాలానికి పేరు మిగిలింది, దాని కింద సెంటు భూమి లేదు. పేరు చెప్పుకుని ఎవరినీ ఏదీ అడగవద్దు, పని చేసుకుని బతకమని మా నాన్నగారు అనేవారు. అలాగే బతికాను. ఈ సంగతి ఇక్కడ ఎత్తడం నాకు ఇష్టం లేదు. కానీ తరవాత జరిగిన గొడవలో ఆ పేరు కూడా వచ్చింది.

ముందు మా పని ఎలా నడిచేదో చెప్పాలి. ఇలాంటి ఏర్పాటును ఆపర్చునిస్టిక్ నెట్‌వర్క్ అంటారు. తీగ ఉండదు, టవరు ఉండదు. దారిన పోయే బండి ఏది దొరికితే దానితో కబురు పంపడమే. బస్సుల్లో, పాల వ్యాన్లలో, ధాన్యం లారీల్లో డ్రైవరు సీటు వెనక టిఫిన్ బాక్సు అంత పెట్టె బిగించాం. ఊళ్ళో మా కంప్యూటరు పెట్టిన చిన్న గదిని కియోస్కు అనేవాళ్ళం. దాని ముందు బండి ఆగిన కాసేపట్లో అక్కడి కబుర్లు వైర్‌లెస్ మీద పెట్టెలోకి ఎక్కేవి. బండి రాజమండ్రి చేరితే మా యాంటెన్నా వాటిని దింపుకునేది. దారిలో రెండు బండ్లు పక్కపక్కన ఆగితే ఒకదానిలో ఉన్నవి రెండోదానిలోకి కాపీ అయ్యేవి. ఏ బండి ఎక్కడ చెడిపోతుందో, ఏ రూటుకు మారుతుందో తెలియదు. అందుకని ఎన్ని కాపీలు ఉంటే అంత మంచిదని పథకం తయారు చేసినవారి నమ్మకం.

చిక్కల్లా పెట్టె చిన్నది కావడమే. అందులోని జాగాను బఫర్ అంటారు. అది నిండిపోతే దానికి కంజెషన్ అని పేరు, అంటే రద్దీ. నిండిన పెట్టె దగ్గరికి కొత్త కబురు వస్తే ఏం చేయాలి? మాకు పైనుంచి వచ్చిన సాఫ్ట్‌వేరులో ఒకటే నియమం. అందరికన్నా ముందు ఎక్కినదాన్ని తీసేసి, కొత్తదానికి చోటివ్వాలి. ఇప్పుడే ఎక్కినవాడి కోసం మొదటి స్టాపు నుంచి కూర్చున్నవాడిని నడిదారిలో దింపేయడం అన్నమాట. దింపేశామని పంపినవారికి తెలియజేయడం కూడా లేదు. ఇది తప్పని నేను రాసి పంపాను. మీ పెట్టెలు ఎప్పుడూ సగమైనా నిండడం లేదు కదా, తొందరేమిటన్నారు. అప్పటికి అది నిజమే.

దాళ్వా, అంటే రెండో పంట వరి, కోతలు మొదలయ్యాయి. రామచంద్రపురం అవతల ఒక ఊళ్ళో సత్యవతి అనే ఆవిడ కూలికి కోతకు వెళ్ళింది. పనలు ఎత్తుతుంటే వరి ఆకు కొస కంట్లో గీసుకుంది. మా వైపు కోతల కాలంలో ఇది కొత్త కాదు. కన్ను ఎర్రబడితే మందుల షాపువాళ్ళు ఎరుపు తగ్గే చుక్కలు ఇచ్చారు. ఎరుపు తగ్గింది, పోటు తగ్గలేదు. ఆ ఊరి కియోస్కు నడిపే పద్మ బీకాం చదివిన అమ్మాయి, పనిలో చురుకు. సత్యవతి కన్నును దగ్గరగా ఫొటో తీసి, ఏ చుక్కలు వాడుతోందో కింద రాసి, రాజమండ్రిలో మా పథకంలో చేరిన కంటి డాక్టరు గారికి పంపింది.

ఫొటో క్షేమంగా చేరింది. డాక్టరు గారు ఆ పూటే జవాబు రాశారు. గడ్డి గీసిన గాయానికి బూజు పడుతుందనీ, ఆ చుక్కలు ఆ బూజుకు ఎరువు వేసినట్టేననీ, వెంటనే అవి ఆపి మనిషిని ఆస్పత్రికి తీసుకురమ్మనీ. నాలుగే వరుసలు. ఒక్క ఫొటో పట్టే చోట అలాంటి జవాబులు వందల కొద్దీ పడతాయి.

ఆ నాలుగు వరుసలు మా యాంటెన్నా నుంచి బండి ఎక్కాయి. ఊరు చేరలేదు.

అదే రోజుల్లో మా పథకం కమిటీ చైర్మన్ సూర్యారావు గారు తమ అమ్మాయి పెళ్ళి పిలుపులు మొదలుపెట్టారు. ఆయనది మండపేటలో రైసు మిల్లు. మా పెట్టెల్లో సగానికి పైగా ఆయన లారీల్లోనే తిరిగేవి. ఆయన చైర్మన్ అయిందీ అందుకే. శుభలేఖను నెట్‌వర్కు మీద అన్ని ఊళ్ళకూ పంపమన్నారు. అదేమీ ఉత్త కార్డు కాదు. పిల్లా పిల్లాడి ఫొటోలు, ఇంటిల్లిపాది ఫొటోలు, ఆయన గొంతుతో పిలుపు, వెనకాల సన్నాయి. నేను వద్దన్నాను. ఒక పేజీకి కుదించి ఇస్తే పంపుతానన్నాను. ఆయన సరేనన్నట్టు తలూపి, నేను ఆఫీసులో లేని పూట మిల్లు గుమస్తాను పంపి మొత్తం ఎక్కించారు.

అక్కడితో ఆగినా పెట్టెలు తట్టుకునేవే. కానీ మా వైపు పిలుపు సంగతి తెలిసిందే. కార్డు చేతిలో పెట్టి ఊరుకుంటే పిలిచినట్టు కాదు. మళ్ళీ ఆడవాళ్ళు వెళ్ళి బొట్టు పెట్టి చెప్పాలి. పెళ్ళినాడు భోజనాల వేళ మనిషిని పంపి ఇంకోసారి చెప్పాలి. అవతలివాళ్ళు 'తప్పకుండా వస్తామండి' అనాలి. ఆ మాట చెవిన పడకపోతే పిలుపు అందనట్టే. అందకపోతే రెండిళ్ళ మధ్య పట్టింపు, పదేళ్ళపాటు మాటలుండవు. ఈ మర్యాద మొత్తాన్ని సూర్యారావు గారు మా పెట్టెల మీద ఎక్కించారు. ప్రతి కియోస్కూ శుభలేఖ ప్రింటు తీసి గడపగడపకూ పంచాలి. పంచామని జవాబు పంపాలి. జవాబు రాని ఊరికి గుమస్తా మళ్ళీ పంపాలి.

ఆ జవాబులు రావలసింది కూడా అవే పెట్టెల్లో. పెట్టెలు నిండిపోయాయి గనక జవాబులు రాలేదు. రాలేదని గుమస్తా మళ్ళీ పంపాడు. మళ్ళీ పంపినవి పెట్టెలను ఇంకా నింపాయి. ఊళ్ళలో కియోస్కువాళ్ళకూ గుబులు పట్టుకుంది. చైర్మన్ గారి పిలుపు మళ్ళీ వచ్చిందంటే తమ మాట ఆయనకు చేరలేదన్నమాట, పొగరనుకుంటారేమోనని, ఊరి పెద్దలు నమస్కారం పెడుతున్న ఫొటోలు జతచేసి 'వస్తామండి' అని తిరుగు జవాబులు పంపారు. ఒకసారి కాదు, అందిందన్న నమ్మకం కుదిరేదాకా. మా చదువులో దీన్ని కంజెషన్ కొలాప్స్ అంటారు. బండ్లన్నీ నిండుగా తిరుగుతుంటాయి, చేరవలసింది మాత్రం చేరదు. పెట్టెలు చెడిపోలేదు. ప్రతి పెట్టే తనకు చెప్పిన పని చెప్పినట్టు చేసింది. ప్రతి మనిషీ మర్యాదగానే నడుచుకున్నాడు. నాకు ఒళ్ళు మండేది అక్కడే. తప్పు చేసినవాడిని పట్టుకుని నాలుగు తిట్టొచ్చు. మర్యాద చేసినవాడిని ఏమని తిడతాం?

పిలుపు కొత్తగా ఎక్కినప్పుడల్లా పెట్టెలో పాతవి దిగిపోయేవి. డాక్టరు గారి జవాబు ఏ కాపీ ఎక్కడ దిగిపోయిందో నేను చెప్పలేను. అన్ని కాపీలూ దిగిపోయాయి.

మాకు ఈ సంగతి తెలియలేదు. పైకి చూస్తే నెట్‌వర్కు అంత హుషారుగా ఎన్నడూ లేదు. కమిటీవాళ్ళు సంబరపడ్డారు కూడా. తెలిసింది పద్మ ఫోనుతో. ఆ అమ్మాయి రామచంద్రపురం వచ్చి ఎస్‌టీడీ బూత్ నుంచి చేసింది.

"సార్, సత్యవతి గారు రోజూ వచ్చి అడుగుతున్నారండి. డాక్టరు గారు ఇంకా చూడలేదాండీ?"

"ఆ చుక్కలు ఇంకా వేసుకుంటున్నారా?"

"వేసుకుంటున్నారండి. వద్దని ఎవరూ చెప్పలేదు కదండీ."

ముందే ఫోను చేసి ఉండవచ్చు కదా అని మీకు అనిపిస్తుంది. జవాబు పెట్టెలోనే వస్తుంది, ఇంకెక్కడా తిరగనక్కర్లేదు అని ఊరూరా చాటింపు వేసిన పథకం అది. జనం నమ్మారు. నమ్మినందుకు కూర్చుని ఎదురుచూశారు. అసలు ఏ పెట్టే లేకపోయి ఉంటే సత్యవతి ఎప్పుడో బస్సెక్కి ఏదో ఒక ఆస్పత్రికి వెళ్ళి ఉండేది.

నేను డాక్టరు గారి దగ్గరికి వెళ్ళాను. ఆవిడ ముందు నా మీద విసుక్కున్నారు. "నేను ఆ రోజే రాసి పంపాను కదండీ. మనిషి రాకపోతే కాకినాడ వెళ్ళారేమో అనుకున్నాను." జవాబు చేరలేదని చెప్పాను. చుక్కలు ఇంకా వేస్తున్నారని చెప్పాను. ఆవిడ కలం తీసి అవే నాలుగు వరుసలు కాయితం మీద మళ్ళీ రాసి నా చేతిలో పెట్టారు. "ఇక్కడ నిలబడి మాట్లాడకండి. వెళ్ళి తీసుకురండి" అన్నారు.

బూత్‌కు తిరిగి ఫోను చేస్తే పద్మ అప్పటికే ఊరి బస్సెక్కేసింది. మోటారు సైకిల్ తీశాను. ద్వారపూడి, మండపేట దాటి కాలవగట్టు వెంట వెళుతుంటే ఎదురుగా సూర్యారావు గారి లారీలు వరసగా వచ్చాయి. ఒక్కొక్క దానిలో మా పెట్టె ఉంది. ఒక్కొక్క పెట్టెలో సన్నాయి మోగుతోంది. నా చొక్కా జేబులో నాలుగు వరుసల కాయితం.

సత్యవతి ఇంటి పంచలో, వెలుగుకు వీపు పెట్టి, కొంగుతో కన్ను మూసుకుని కూర్చుని ఉంది. నన్ను చూసి లేవబోతే కూర్చోమన్నాను. గుమ్మం పక్కన మేకుకు శుభలేఖ ప్రింట్లు తగిలించి ఉన్నాయి. మూలలకు పసుపు రాసి ఉంది. ఒకటి కాదు, మూడు. నన్ను చూసి వెంట వచ్చిన పద్మ నా చేతిలో కాయితం తీసుకుని చదివి వినిపించింది. చుక్కల సీసా నేనే తీసి అవతల పారేశాను. సత్యవతి కంటి మీద కొంగు తీయకుండానే అంది.

"పెళ్ళి పిలుపు మూడుసార్లొచ్చిందండి. నా కాయితం ఒక్కసారన్నా రాదాని చూశానండి. చిన్నవాళ్ళం కదండీ, వెనకాల వస్తుందనుకున్నాను."

పద్మను తోడిచ్చి ఇద్దరినీ రాజమండ్రి బస్సెక్కించి, నేను మండపేటలో ఆగాను.

మిల్లు ఆఫీసులో సూర్యారావు గారు ఎదురొచ్చారు. "రండి దొరగారూ, కూర్చోండి. కాఫీ చెప్పనా, మజ్జిగా?" అన్నారు. ఆయన నన్ను ఎప్పుడూ దొరగారనే పిలిచేవారు. అందులో గౌరవం ఎంతో, ఎకసెక్కెం ఎంతో ఇద్దరికీ తెలుసు. నేను నిలబడే ఉన్నాను. శుభలేఖను అన్ని పెట్టెల్లోంచీ తీసేస్తున్నానని చెప్పి, ఎందుకో చెప్పాను. కన్ను సంగతి విని ఆయన నిజంగానే నొచ్చుకున్నారు. ఆస్పత్రి సంగతి తను చూసుకుంటానన్నారు. పిలుపు తీసేయడం మాత్రం పొసగదన్నారు.

"ఇంకా జవాబు రాని ఊళ్ళున్నాయండి. సగంలో తీసేస్తే పిలిచి వెనక్కి లాక్కున్నట్టు ఉంటుంది. శుభమా అని పెళ్ళి చేస్తుంటే ఆ మాట నాకొద్దు."

"పిలుపు చేరిందండి. ఆవిడ గుమ్మానికే మూడు వేలాడుతున్నాయి. ఇంకెన్నిసార్లు పిలుస్తారు?"

"ఒకసారి పిలిస్తే పిలిచినట్టా ఏంటండీ? మీకు తెలియని మర్యాదా? మీ తాతగారి ఇంట్లో మాత్రం మనుషుల్ని పంపి మళ్ళీ మళ్ళీ పిలిచేవారు కాదా?"

"పిలిచేవారు. ఆ మనుషులు దారిలో ఎదురైనవాళ్ళని కాలవలోకి తోసుకుంటూ వెళ్ళేవారు కాదండి."

ఆయన ముఖంలో నవ్వు పోయింది. గొంతు తగ్గించి అన్నారు.

"మా నాన్న మీ తాతగారి గాదెల దగ్గర బస్తాలు మోశాడు. మీ ఇంట్లో పెళ్ళయితే ఊరంతా పిలుచుకుంటూ వచ్చినవాళ్ళు మా గడప వదిలేసి పక్కింటికి వెళ్ళారు. మా అమ్మ పోయేదాకా అదే చెప్పింది. నా కూతురి పెళ్ళికి ఈ చుట్టుపట్ల ఒక్క గడప వదలను. ఎవరి గడపా వదలను."

ఆ సంగతి నాకు తెలియదు. అబద్ధమనీ అనిపించలేదు. మా ఇంటివాళ్ళ తలబిరుసు నేనెరుగుదును, అదే తలబిరుసు నాకూ ఉంది. కానీ ఆయన తన పాత అవమానాన్ని తీసుకొచ్చి నా పనిలో పెట్టాక నేను తగ్గదలుచుకోలేదు.

"అది మా ఇంటి మీద కోపం, సూర్యారావు గారూ. నన్నేమన్నా అనండి, పడతాను. ఆ కన్ను పోగొట్టుకుంటున్న మనిషి మీ గడప వదిలేసి వెళ్ళలేదు కదా."

"లారీలు నావి దొరగారూ, అది మరిచిపోకండి."

"పెట్టెలు మీవి కావండి."

మిల్లు ఆవరణలో ఆగి ఉన్న లారీలు ఎక్కి, వాటి పెట్టెల్లోంచి శుభలేఖలు నేనే తీసేశాను. డ్రైవర్లు చూస్తూ నిలబడ్డారు, ఒక్కరూ అడ్డు రాలేదు. సూర్యారావు గారు గుమ్మంలో నిలబడి ఒకే ఒక్క మాట అన్నారు. తీసేసిన సంగతి ఊళ్ళలో చెప్పవద్దని. నేను చెప్పలేదు.

తరవాత కూర్చుని నియమాలు మార్చాను. ఈ వృత్తిలోకి వచ్చేవాళ్ళకు పనికొచ్చేది ఈ భాగమే. ఒక కబురుకు లెక్కకు మించి కాపీలు పుట్టకూడదు. గమ్యం చేరిందన్న రసీదును అకనాలెడ్జ్‌మెంట్ అంటారు. అది వస్తున్న దారిలో ఎదురైన కాపీలన్నీ చెరిగిపోవాలి. ఒక్క మనిషి పేరుకు వెళ్ళే చిన్న కబురును, ఊరందరికీ వెళ్ళే పెద్ద కబురు ఎన్నటికీ దింపకూడదు. పెట్టె నిండుతున్నప్పుడు ఎదురొచ్చిన బండికి ముందే 'నా దగ్గర చోటు లేదు' అని చెప్పాలి. ఒకవేళ ఎవరినైనా దింపక తప్పకపోతే, దింపామని పంపినవారికి తెలియాలి. రసీదు రాలేదని మళ్ళీ పంపేటప్పుడు, ప్రతిసారీ ముందుకన్నా ఎక్కువసేపు ఆగి పంపాలి. ఆగడం రానివాడికి నెట్‌వర్కు అప్పగించకూడదు.

ఇవి కమిటీ ముందు పెడితే అన్నిటికీ ఒప్పుకున్నారు. చివర్లో ఒకటి చేర్చమన్నారు. కమిటీ సభ్యుల కబుర్లకు ఎర్ర గుర్తు ఉండాలనీ, అవి ఎప్పుడూ దిగకూడదనీ. నేను చేర్చనన్నాను. ఎవరి కబురైనా సరే, దాని పరిమాణమూ, అది ఎవరికి వెళ్ళాలన్నదీ పెట్టెకు తెలిస్తే చాలు, పంపినవాడి హోదా తెలియనక్కర్లేదన్నాను. హోదా విలువ మీకు తెలియకపోతే ఎవరికి తెలుస్తుందండీ అని ఒకాయన నవ్వారు. తెలుసు గనకే చేర్చనన్నాను.

లారీలు నావన్న మాట సూర్యారావు గారు నిలబెట్టుకున్నారు. లారీల నుంచి పెట్టెలు దింపించేశారు. నెట్‌వర్కు సగమైంది. ఆ సగం మాత్రం సక్రమంగా పనిచేసింది. ఏడాది తిరక్కుండా పథకాన్నే మూసేశారు. కొన్నాళ్ళకు ఊరూరా సెల్ టవర్లు వచ్చాయి, పెట్టెలు పాత సామాన్ల కొట్టుకు పోయాయి.

సత్యవతి కన్ను తీసేయవలసిన అవసరం రాలేదు. డాక్టరు గారు చాలా పాటుపడ్డారు. కానీ నల్లగుడ్డు మీద తెల్లమచ్చలా పువ్వు వేసింది. ఆ కంటితో వెలుగూ, కదిలే నీడా తెలుస్తాయి, అంతే. జవాబు మొదట పంపినప్పుడే చేరి ఉంటే పువ్వు వేసేది కాదని డాక్టరు గారు నాకు చెప్పారు. నేను అడక్కుండానే చెప్పారు. చెప్పాలనే చెప్పారు.

రద్దీ అనేది లెక్కల సమస్య అని కాలేజీలో నేర్పారు. ఎంత జాగా, ఎంత సరుకు, ఎంత వేగం. ఆ కేసు తరవాత నేను అలా అనుకోవడం మానేశాను. ప్రతి పెట్టె నిండినప్పుడూ ఎవరో ఒకరు దిగాలి. ఎవరు దిగాలో మనం రాయకపోతే, ఊళ్ళో ఇదివరకే రాసి ఉన్న నియమమే పెట్టెలో కూడా నడుస్తుంది. దాని ప్రకారం ఎప్పుడూ చిన్నవాళ్ళే దిగుతారు. పైగా వెనకాల వస్తుందిలే అని కూర్చుంటారు.

పెళ్ళికి నాకూ పిలుపు వచ్చింది. నేను వెళ్ళలేదు. కొన్నాళ్ళకు సత్యవతిని చూడడానికి వెళితే గుమ్మం పక్కన మేకుకు ఆ ప్రింట్లు లేవు. చించి పారేసిందేమో అనుకుని లోపల సంతోషించాను. అడిగితే, పెళ్ళి అయిపోయింది కదండీ, అందుకని తీసేశానంది. నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని, పద్మను తోడు తీసుకుని పెళ్ళికి వెళ్ళిందట. భోజనం బాగా పెట్టారట. సూర్యారావు గారు స్వయంగా పంక్తి దగ్గరికి వచ్చి పలకరించారట.

ఎందుకు వెళ్ళావమ్మా అన్నాను. గొంతు పెరిగిందనుకుంటాను, ఆవిడ కొంచెం బెదిరింది.

"మూడుసార్లు పిలిచారు కదండీ. వెళ్ళకపోతే ఏం బాగుంటుందండి?"